నాన్నగారి కాలేయాన్ని రెండోసారి చూసినవారికి కృతజ్ఞతలు

ఈ నెలతో మా నాన్నగారికి కాలేయం ఆపరేషన్ జరిగి మూడేళ్లు నిండాయి. మొన్న తీయించిన స్కానులో కొత్త గడ్డలేవీ లేవని, కాలేయ క్యాన్సర్ జాడ తెలిపే ఏఎఫ్‌పీ అనే రక్తపరీక్ష మామూలు స్థాయిలోనే ఉందని డాక్టరు గారు చెప్పాక, ఇన్నాళ్లుగా రాయాలనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చిన ఈ నాలుగు మాటలు ఇకనైనా రాయకపోతే బాగుండదనిపించింది. ఆపరేషన్ చేసిన సర్జన్ గారికి, మత్తు ఇచ్చిన డాక్టరు గారికి, ఐసీయూలో నాలుగు రాత్రులు కనిపెట్టుకుని ఉన్న సిస్టర్లకు, తెనాలి నుంచి రాత్రి బస్సెక్కి వచ్చి రక్తమిచ్చి తిరుగు బస్సులో వెళ్లిపోయిన మా వీధి కుర్రాళ్లకు అప్పుడే చేతులెత్తి దణ్ణం పెట్టుకున్నాం. అప్పుడు దణ్ణం పెట్టుకోవడం మరిచిపోయినవారు కొందరున్నారు. నాన్నగారి ముఖం ఒక్కసారి కూడా చూడకుండా, ఆయన ఒంట్లోంచి తీసిన ముక్కను మాత్రమే చూసి, ఆయనకు ముందు ముందు ఏం జరగవచ్చో చెప్పిన పాథాలజీ విభాగం వారు. ఈ పోస్టు వారి కోసం.

నాన్నగారు నలభై ఏళ్లుగా తెనాలిలో బట్టలు కుడుతున్నారు. మందు ముట్టరు. అలాంటి మనిషికి కాలేయ క్యాన్సర్ ఏమిటని చుట్టాలందరూ అడిగినవారే. హెపటైటిస్ బి వైరస్ ఎప్పుడు చేరిందో తెలియదు, ఏ బాధా పెట్టకుండా ఏళ్ల తరబడి కాలేయాన్ని గట్టిపరుస్తూ వచ్చింది. మన హైదరాబాదులోనే శాంతా బయోటెక్నిక్స్ వారు తయారుచేసిన హెపటైటిస్ బి టీకా 1997లో వచ్చేనాటికి ఆయన నడివయసులో ఉన్నారు. పిల్లలకు టీకా వేయించమని చెప్పినవారున్నారు గానీ, పెద్దవాళ్లను ఒకసారి రక్తపరీక్ష చేయించుకోమని చెప్పినవారు మాకైతే ఎదురుపడలేదు. కడుపునొప్పికని తీసిన స్కానులో కాలేయం ఆరో సెగ్మెంటులో, అంటే ఆరో భాగంలో, నాలుగున్నర సెంటీమీటర్ల గడ్డ బయటపడింది. ఏఎఫ్‌పీ ఆరు వందలు దాటి ఉంది. గడ్డ ఒక్కటే కావడం, కాలేయం పనితీరు ఇంకా బాగానే ఉండడం వల్ల కోసి తీసేయవచ్చన్నారు. ఆరో సెగ్మెంటు, ఏడో సెగ్మెంటు తీసేశారు.

తీసిన భాగాన్ని పరీక్షకు బయటి ల్యాబుకు పంపారు. పది రోజులకు రిపోర్టు వచ్చింది. అందులో నాలుగే వరుసలున్నాయి: హెపటోసెల్యులర్ కార్సినోమా (కాలేయ కణాల్లో పుట్టే క్యాన్సర్), గడ్డ కొలత, అంచుల్లో క్యాన్సర్ లేదు, దశ పీటీ1బీ (గడ్డ ఒక్కటే, రక్తనాళాల్లోకి దిగలేదని). అంచుల్లో లేదన్న ఒక్క మాటకే మేం పొంగిపోయాం. అమ్మ ఆ రోజే ఆంజనేయస్వామికి వడమాల మొక్కు తీర్చింది. సర్జన్ గారు మాత్రం కాగితాన్ని ఒకటికి రెండుసార్లు తిప్పి చూసి, ‘ఎన్ని బ్లాకులు తీశారో రాయలేదే’ అన్నారు. బ్లాకంటే పరీక్షకని మైనంలో పోసిన చిన్న ముక్క, దాన్నుంచే స్లయిడ్లు కోస్తారు. ఏఎఫ్‌పీ అంత ఎక్కువగా ఉన్నప్పుడు, స్కానులో గడ్డ అంచు నున్నగా లేకుండా బుడిపెలు బుడిపెలుగా కనిపించినప్పుడు, రక్తనాళాల సంగతి ఒక్క ముక్కైనా రాయకుండా దశ ఎలా తేల్చారో ఆయనకు బోధపడలేదు. కాలేయం మీదే ఎక్కువగా పనిచేసే ఒక పాథాలజిస్టు మేడమ్ గారి దగ్గరికి స్లయిడ్లు, బ్లాకులు తీసుకెళ్లమన్నారు. ఆ ల్యాబు పేరు చెప్పి ఎవరినీ తప్పుపట్టాలని నాకు లేదు. ఉన్న పని ఒత్తిడిలో వాళ్లు చూసింది వాళ్లు రాశారు. అయితే గడ్డ నుంచి వాళ్లు తీసిన బ్లాకులు రెండే.

మేడమ్ గారు స్లయిడ్లు చూసి మొదట అడిగిన ప్రశ్న, మిగతా ముక్క ఇంకా ఉందా అని. రిపోర్టు ఇచ్చాక కొన్ని వారాలపాటు మాత్రమే దాన్ని కుళ్లకుండా ఫార్మలిన్ అనే ద్రవంలో ఉంచి ఆ తర్వాత పారేస్తారని అప్పటిదాకా నాకు తెలియదు. మొదటి ల్యాబుకు పరుగున వెళ్లాను. అక్కడి అటెండరు ఒకాయన, భోజనానికి లేవబోతున్నవారు కాస్తా మళ్లీ కూర్చుని రిజిస్టరులో నంబరు వెతికి, గోదాములాంటి గదిలో వరుసగా పేర్చిన డబ్బాల్లోంచి ఒక తెల్లటి ప్లాస్టిక్ డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టారు. మూత చుట్టూ ప్లాస్టరు, మీద నీలం మార్కరుతో నాన్నగారి పేరు, వయసు. మూత బిగించి ఉన్నా ఆ వాసనకు కళ్లు మండాయి. ఆటోలో ఆ డబ్బాను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ముప్పావు గంట నేనెప్పటికీ మరిచిపోను. ఆ అటెండరు గారి పేరైనా అడగలేదు. ఈ కృతజ్ఞతల్లో మొదటి వంతు ఆయనదే.

మేడమ్ గారు ఆ ముక్కను మళ్లీ పలుచటి బిళ్లలుగా కోయించి, ఒక్కో బిళ్లనూ వెలుతురులో చూసి, గడ్డకూ మంచి కాలేయానికీ మధ్య ఉన్న సరిహద్దు నుంచి కొత్తగా బ్లాకులు తీయించారు. గడియారం ముఖం మీద పన్నెండు, మూడు, ఆరు, తొమ్మిది ఉండేచోట ఒక్కొక్కటి, సగం గడ్డ సగం మామూలు కణజాలం వచ్చేట్లుగా. గడ్డ లోపలి నుంచి ఒకటి. గడ్డకు సెంటీమీటరు లోపు దూరం నుంచి ఒకటి, సెంటీమీటరు దాటిన చోటు నుంచి ఒకటి. ఈ ఏడు చోట్ల పద్ధతి చైనా వైద్యులు రూపొందించినదని, ప్రపంచంలో కాలేయ క్యాన్సర్ రోగుల్లో దాదాపు సగం మంది ఆ దేశంలోనే ఉంటారు కాబట్టి ఈ విషయంలో వారికి ఉన్న అనుభవం వేరని చెప్పారు. అన్నిటికన్నా ఎక్కువ సమాచారం గడ్డ మధ్యలో కాదు, దాని పొలిమేరలో దొరుకుతుందట. మొదటి రెండు బ్లాకులూ గడ్డ మధ్యలోనివే.

స్లయిడ్లు తయారయ్యాక నన్ను పిలిచి, ఇద్దరు ఒకేసారి చూడగలిగే మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టారు. ఇది ఆవిడ చేయవలసిన పని కాదు. రిపోర్టు కౌంటరులో పెట్టించి ఊరుకున్నా ఎవరూ అడగరు. ముందు మామూలు కాలేయం చూపించారు. రెటిక్యులిన్ అనే ప్రత్యేకమైన రంగు వేసిన స్లయిడులో నల్లటి సన్నని పోగులు, వాటి నడుమ ఒకటి రెండు కణాల మందంతో వరుసలు. నాన్నగారు కోటు గుడ్డ మీద వేసే టాకా కుట్టు గుర్తొచ్చింది నాకు. స్లయిడు గడ్డ వైపు జరిపేసరికి ఆ నల్లపోగులు చాలాచోట్ల మాయమయ్యాయి, కణాలు గుంపులు గుంపులుగా ఒకదాని మీదొకటి ఎక్కి ఉన్నాయి. తర్వాత మరో స్లయిడు పెట్టి, సరిహద్దు అవతల ఒకచోట ఆపి, బాణం గుర్తుతో ఒక చిన్న గుండ్రటి ఖాళీని చూపించారు. సీడీ34 అనే పరీక్షతో దాని లోపలి గోడ సన్నని గోధుమరంగు గీతలా కనిపిస్తోంది. ఆ గీత లోపల, ఊదారంగు కేంద్రకాలతో కణాల ముద్ద ఒకటి అతుక్కుని ఉంది. ‘ఇది పోర్టల్ సిర తాలూకు చిన్న కొమ్మమ్మా, ఇందులో ఇవి ఉండకూడదు’ అన్నారు. అంతకుమించి ఏమీ అనకుండా నాకు కావలసినంతసేపు చూడనిచ్చారు.

స్కానుకు గానీ ఆపరేషన్ బల్ల మీద సర్జన్ కంటికి గానీ అందని ఆ ముద్దనే మైక్రోవాస్కులర్ ఇన్వేజన్ అంటారు. క్యాన్సర్ కణాలు కాలేయంలోని చిన్న రక్తనాళాల్లోకి దిగాయని దాని అర్థం. ఆపరేషన్ తర్వాత జబ్బు తిరగబెడుతుందా, ఎంత త్వరగా తిరగబెడుతుందా అన్నది అంచనా వేయడానికి దీనంత గట్టి గుర్తులు తక్కువ. కోసి తీసేసినా ఐదేళ్లలో దాదాపు 70 శాతం మందిలో కాలేయ క్యాన్సర్ మళ్లీ కనిపిస్తుంది. మొదటి రెండేళ్లలో వచ్చేది ఎక్కువగా ఇలా నాళాల్లో చేరిన పాత గడ్డ విత్తనం వల్ల. ఆ తర్వాత వచ్చేది చాలామటుకు గట్టిపడిన కాలేయంలో కొత్తగా పుట్టేది. అందుకే పాథాలజిస్టు గడ్డతో పాటు గడ్డ లేని కాలేయాన్ని కూడా అంతే శ్రద్ధగా చదవాలి. నాలుగు వరుసల రిపోర్టులో ఆ సంగతి కూడా లేదు.

రెండో రిపోర్టు రెండు పేజీలు. ఎడ్మండ్‌సన్, స్టైనర్ అనే ఇద్దరు వైద్యులు కణాల తీరును బట్టి 1954లో ఏర్పరచిన నాలుగు గ్రేడుల్లో నాన్నగారి గడ్డది మూడోది, అంటే ముదురు వైపే. నాళాల్లో ముద్దలు మూడుచోట్ల ఉన్నాయి, మూడూ గడ్డకు సెంటీమీటరు లోపే. గడ్డ చుట్టూ ఉన్న తొడుగు ఒకచోట తెగింది. విడిగా పిల్లగడ్డలు లేవు. అంచు ఎనిమిది మిల్లీమీటర్ల దూరంలో ఉంది, ‘లేదు’ అన్న ఒక్క మాటకు బదులు కొలత ఉంది. సీకే19 అనే ప్రోటీన్ కోసం చేసిన పరీక్ష నెగటివ్, పాజిటివ్ అయితే జబ్బు మరింత మొండిదయ్యేదట. మిగతా కాలేయంలో మచ్చ కట్టడం ఇషాక్ అనే కొలమానంలో ఆరింటికి ఐదు. గడ్డ ఒక్కటే అయినా, రెండు సెంటీమీటర్లు దాటినప్పుడు నాళాల్లోకి దిగితే దశ మారుతుంది కనుక, టీ1బీ కాస్తా టీ2 అయింది.

ఇంట్లో గొడవైంది. ‘బాగుందని కాగితమిచ్చాక మళ్లీ కెలికి చెడ్డ కబురు తెచ్చుకోవడమెందుకు’ అని బాబాయి నా మీద కేకలేశారు. ఆయన బాధ నాకు అర్థమైంది, ఆ రాత్రి నాకూ అదే అనిపించింది. నాన్నగారు మాత్రం అంతా విని, ఎనిమిది మిల్లీమీటర్లంటే వేలి మీద కొలిచి చూపించమన్నారు. చూపించాను. ‘కుట్టుకు వదిలే గుడ్డంత కూడా లేదు’ అని నవ్వి, ‘ఆ కోసినాయన మాత్రం ఏం చేస్తాడు, ఉన్న కాలేయంలోనే కదా వదలాలి. అసలు సంగతి తెలిసింది, మంచిదే’ అన్నారు.

రిపోర్టు మారినంత మాత్రాన మందులు మారలేదు; అది దాచకుండా చెప్పాలి. ఆపరేషన్ తర్వాత జబ్బు తిరగబెట్టకుండా ఇమ్యూనోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి మళ్లించే మందు) ఇచ్చి చూసిన ఐఎంబ్రేవ్050 ప్రయోగం 2023లో ఆశ పుట్టించింది గానీ, 2024 నాటి లెక్కల్లో ఆ లాభం నిలబడలేదు. వైరస్‌కు టెనోఫోవిర్ మాత్ర రోజూ వేసుకోవడం మొదటి నుంచీ ఉంది. మారింది స్కానుల లెక్క. ఆరు నెలలకొకసారి రమ్మన్నది మూడు నెలలకొకసారి అయింది, అల్ట్రాసౌండ్ బదులు ఎంఆర్‌ఐ అయింది. పదకొండో నెల ఎంఆర్‌ఐలో ఎనిమిదో సెగ్మెంటులో సెంటీమీటరున్నర లోపు చుక్క కనిపించింది. అంత చిన్నగా ఉండగా దొరికింది కనుక కడుపు కోయకుండా సూదితోనే కాల్చేశారు, మూడో రోజుకు ఇంటికి వచ్చేశాం. మామూలు లెక్కన వెళ్లి ఉంటే ఎప్పుడు దొరికేదో, ఎంత పెరిగేదో నేను ఊహించదలచుకోలేదు.

ఆ పాథాలజిస్టు మేడమ్ గారికి, ఫార్మలిన్‌లో నానిన ఆ ముక్కను మైనంలో పోసి, వెంట్రుక కంటే ఎన్నో రెట్లు పలుచగా, చిరగకుండా, మడతపడకుండా కోసి గాజు మీదికి ఎత్తిన టెక్నీషియన్లకు, తన సొంత ఆపరేషన్ బాగా జరిగిందని చెప్పే కాగితాన్నే అనుమానించి నన్ను అక్కడికి పంపిన సర్జన్ గారికి మా ఇంటిల్లిపాది నమస్కారాలు. ఇలాంటి ఆపరేషన్ అయినవారు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ రిపోర్టులో రక్తనాళాల సంగతి, అంచు కొలత, మిగతా కాలేయం పరిస్థితి, తీసిన బ్లాకుల సంఖ్య ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే మొహమాటపడకుండా డాక్టరును అడగండి. డబ్బా పారేయకముందే అడగండి.

మేడమ్ గారు డబ్బు గానీ, మిఠాయి గానీ, చీర గానీ ఏదీ పుచ్చుకోలేదు. పోయిన నెలలో నాన్నగారు, నేను వద్దంటున్నా వినకుండా, కంటి కొలతకు నేను చెప్పిన అంచనాతో ఒక తెల్లకోటు కుట్టి, మార్కరు పెన్నులకని ఛాతీ మీద రెండు సన్నటి జేబులు పెట్టి పంపించారు. అది తొడుక్కుని ఆవిడ ఫోను చేశారు. అంతా సరిపోయిందట, చేతులు మాత్రం అరంగుళం పొట్టి. నాన్నగారు ఫోను నా చేతిలోంచి లాక్కుని, ‘లోపలి మడతలో అంగుళం గుడ్డ వదిలే కుట్టానమ్మా, వచ్చే స్కానుకు వచ్చినప్పుడు విప్పి సరిచేస్తాను’ అన్నారు. సూదీ దారం అప్పుడే సంచిలో పెట్టేసుకున్నారు.