ఆ 'అయితే' ఏమైంది?

సంపాదకులకు నమస్కారం.

చుక్క రక్తంతో పెద్దపేగు క్యాన్సర్ బయటపడుతుందని పోయిన వారం మీ ఆరోగ్యం పేజీలో చదివాను. ముప్పై ఏళ్లు ప్రూఫులు దిద్దినవాణ్ని, కన్ను ముందు తప్పు మీదికే పోతుంది. ఆ పరీక్షకు తీసేది చుక్క కాదు, గొట్టాల నిండా రక్తం. సరే, అది అచ్చుతప్పు లాంటిదే. వార్తలో ఉండవలసిన ఒక 'అయితే' ఎగిరిపోవడం మాత్రం చిన్న విషయం కాదు.

అమెరికాలో 2024లో అనుమతి పొందిన షీల్డ్ అనే రక్తపరీక్ష, క్యాన్సర్ ఉన్నవారిలో నూటికి 83 మందిని పట్టుకుంది. ఇంతవరకు మీరు రాశారు. అయితే, ముదిరే అవకాశం ఎక్కువగా ఉన్న పాలిప్‌ల దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క సుమారు 13కు పడిపోయింది. పేగు గోడ మీద మొలిచే పాలిప్ క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్ల దాకా పడుతుంది. తీసేయడానికి అంత వ్యవధి ఉన్న జబ్బులో, పాలిప్‌ను చూడలేని పరీక్షకు అంత పెద్ద శీర్షికా?

మా అన్నయ్య ఎనిమిది నెలలు రక్తం పడుతున్నా మొలలనుకుని పైపూత మందుతో సరిపెట్టుకున్నాడు. యాభై రెండో ఏట, పెద్దపేగు చివరి భాగమైన మలాశయంలో క్యాన్సర్ అని తేలింది. తోబుట్టువులు నలభయ్యో ఏటనే కొలనోస్కోపీ, అంటే కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపలంతా చూసే పరీక్ష, చేయించుకోవాలన్నారు డాక్టరు. నాకప్పటికే నలభై తొమ్మిది. ముందురోజు రాత్రి పేగు శుభ్రం చేసే ద్రావణం తాగి మంచానికీ మరుగుదొడ్డికీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. మర్నాడు తెర మీద గులాబీ రంగు సొరంగం, ఒక మలుపులో కాడ మీద నిలబడ్డ పుట్టగొడుగులా పాలిప్. గొట్టంలోంచి సన్నని తీగ ఉచ్చు వచ్చి దాని మెడకు బిగిసింది. నాకు నొప్పే తెలియలేదు.

కొలనోస్కోపీకి జంకేవారికి ఫిట్ అనే మలపరీక్ష ఉంది. 'మలం' అని అచ్చువేయడానికి పత్రికలకు ఎందుకో మొహమాటం. మూతకున్న పుల్లతో మలాన్ని అక్కడక్కడ గీరి, తిరిగి సీసాలో గుచ్చి బిగించడమే. కంటికి ఆనని రక్తాన్నీ అది పసిగడుతుంది. ఏడాదికో రెండేళ్లకో మళ్లీ చేయించుకోవాలి, రక్తం ఉందని తేలితే కొలనోస్కోపీ తప్పదు. కళ్లకు కనబడేలా రక్తం పడుతున్నవారు మాత్రం దీనితో కాలయాపన చేయకుండా డాక్టరు దగ్గరికే వెళ్లాలి.

ఇలాంటి 'అయితే' ఒకటి 2022లోనూ జారిపోయింది. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆసుపత్రిలో డోస్టార్లిమాబ్ అనే మందుతో, ఆపరేషన్ గాని రేడియేషన్ గాని లేకుండానే 12 మందికి 12 మందిలో మలాశయ కణితి కనబడకుండా పోయింది. అద్భుతమే. అయితే, వాళ్లందరివీ డీఎన్ఏ పొరపాట్లను సరిదిద్దే వ్యవస్థ చెడిపోయిన కణితులు. మలాశయ క్యాన్సర్లలో అలాంటివి నూటికి అయిదు నుంచి పది.

అన్నయ్య ఆ వార్త కత్తిరించి, ఆపరేషన్‌కు ముందు డాక్టరు చేతిలో పెట్టాడు. ఆయన చదివి, రిపోర్టు తిప్పి ఒక వరుస కింద వేలు పెట్టి చూపించారు. అన్నయ్య కణితిలో ఆ వ్యవస్థ సక్రమంగానే ఉంది. అన్నయ్య కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

ఇట్లు,
ఒక మాజీ ప్రూఫ్‌రీడరు