జూన్ 4 లోపు ఒక్క ఫోన్

25-5-2024

చిరంజీవి చిన్నాకు,

నాన్న దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. ఫోన్‌లో అయితే నువ్వు వాదనకు దిగుతావు, నేను గొంతు పెంచుతాను, అసలు మాట ఎగిరిపోతుంది. అందుకే కాగితం తీసుకున్నాను.

పోలింగ్ అయి పన్నెండు రోజులైనా ఊళ్లో ఇంకా 144 సెక్షన్ నడుస్తోంది. టీకొట్టు దగ్గర నలుగురు నిలబడితే పోలీసులు వచ్చి పంపేస్తున్నారు. బంకులో సీసాల్లో పెట్రోలు పోయడం మానేశారు. గడ్డి కోసే మిషనుకు లీటరు కావాలంటే బండిలో పోయించుకొచ్చి ఇంటి దగ్గర పైపుతో తీస్తున్నాను. మన పల్నాడు కలెక్టర్‌ని బదిలీ చేశారు, ఎస్పీని సస్పెండ్ చేశారు. పాల్వాయిగేట్ బూత్‌లో ఈవీఎంని నేలకేసి కొట్టిన వీడియో నువ్వూ చూసే ఉంటావు. పోలింగ్ మర్నాడు కారంపూడిలో గొడవలు. చిన్నప్పుడు పల్నాటి వీరుల ఉత్సవాలకు మీ తాతయ్య నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన ఊరది. బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టాడని ఇప్పటికీ ఏటా అక్కడ చాపకూడు జరుపుతారు. ఆ ఊళ్లోనే మనవాళ్లు ఒకరి మీద ఒకరు పడ్డారు.

వాటిని ఆపడం మన చేతిలో లేదురా. మన అరుగు మీద జరిగింది మాత్రం మన చేతిలోదే.

ఓటు కోసం హైదరాబాద్ నుంచి బస్సులో నిలబడి వచ్చావు. మన రాష్ట్రంలో 80 శాతం పైన ఓట్లు పడ్డాయంటే నీలాంటి పిల్లలు అలా రాబట్టే, అమ్మలాంటి వాళ్లు ఎండలో గంటలు గంటలు వరసలో నిలబడబట్టే. కొన్నిచోట్ల అర్ధరాత్రి దాటాక కూడా ఓట్లేశారు. అందుకు నాకు గర్వంగానే ఉంది.

కానీ ముందురోజు సాయంత్రం సంగతి గుర్తు చేసుకో. పెదనాన్న మజ్జిగ తాగుతూ, "ఒకటో తారీకు తెల్లారకముందే పింఛను ఇంటికి తెచ్చిచ్చారు అబ్బాయీ, అదెట్టా మర్చిపోతా" అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. నువ్వు ఫోన్‌లోంచి తల కూడా ఎత్తకుండా, "మూడు వేలకు అమ్ముడుపోయే బతుకులు" అన్నావు. ఆయన గ్లాసు సగంలో అరుగు మీద పెట్టి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. గ్లాసులో మజ్జిగ కిందికి దిగి పైన నీళ్లు తేలేదాకా నేను అక్కడే కూర్చున్నాను. ఆ రోజు నుంచి రెండిళ్ల మధ్య దొడ్డితలుపు తెరుచుకోలేదు.

తప్పు నీ ఒక్కడిదే అనను. నేనూ సైకిల్‌కే వేశాను. నువ్వా మాట అన్నప్పుడు నాకు లోపల బాగానే ఉంది, అందుకే ఆపలేదు. ఈ పన్నెండు రోజులుగా నన్ను తినేస్తున్నది అదే.

2017లో మిర్చి ధర పడిపోయి మన మిర్చి బస్తాలు కోల్డ్ స్టోరేజీలోనే ఉండిపోతే, నీ కాలేజీ ఫీజు కట్టింది పెదనాన్న గేదెలమ్మిన డబ్బుతో. ఈ సంగతి నీకు చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు. ఇవాళ ఆ మాట తప్పుతున్నాను.

నీ నోట వచ్చిన ఆ మాట నీది కాదని నాకు తెలుసు. 2021 అక్టోబరులో ఒక పార్టీ ప్రతినిధి ముఖ్యమంత్రిని బూతు మాట అంటే, అవతలివాళ్లు మంగళగిరిలో ఆ పార్టీ ఆఫీసు మీద పడ్డారు. ఆ మరుసటి నెలే తన ఇంట్లో ఆడవాళ్లని అన్నారంటూ చంద్రబాబు అసెంబ్లీ నుంచి బయటికొచ్చి విలేకరుల ముందు కన్నీళ్లు పెట్టుకున్నారు. పెద్దలు అలా మాట్లాడాక పిల్లల ఫోన్లలోకి ఇంకేం వస్తుంది?

పాత రోజులు మంచివని అనను. పార్టీల పేరు మీద తలలు తెగిన నేల ఇది. కానీ వైఎస్, చంద్రబాబు 1978లో ఒకేసారి అసెంబ్లీకి వెళ్లినవాళ్లు, అంజయ్య దగ్గర ఇద్దరూ మంత్రులు. తర్వాత ఎంత పోట్లాడుకున్నా, 2003లో అలిపిరి మందుపాతర నుంచి చంద్రబాబు బతికి బయటపడితే వైఎస్ తిరుపతి వెళ్లి నిరసన దీక్షకు కూర్చున్నారు. అదీ రాజకీయమేనని అప్పుడూ అన్నారు. అయితే కానీ. ప్రత్యర్థి ప్రాణం మీదికి వస్తే అలా చెయ్యాలన్న లెక్క ఒకటి ఉండేది. ఆ లెక్క మన ఇంట్లోనైనా ఉండాలని నా ఆశ.

పెదనాన్న వాళ్లబ్బాయి నీకు ఫోన్ చేసి ఏమన్నాడో నాకు తెలుసు. అది నువ్వూ వాడూ తేల్చుకోండి. దాన్ని పెదనాన్న మీద వెయ్యకు.

నువ్వు పార్టీ మారాలని, నీ అభిప్రాయం దాచుకోవాలని నేను అడగడం లేదు. కానీ ఫోన్ మాత్రం లెక్కింపు రోజు రాకముందే చెయ్యి. 4వ తేదీ సైకిల్ గెలిస్తే, గెలిచాం కదా అని జాలిపడి చేశావనుకుంటాడు. ఫ్యాన్ గెలిస్తే భయపడి చేశావంటారు. ఎవరు గెలుస్తారో తెలియని ఈ పది రోజుల్లోనే నీ మాటకు విలువ. ఆ తర్వాత ఏం చెప్పినా అందులో ఫలితం కలిసిపోతుంది.

పెద్ద మాటలేం వద్దు. "పెదనాన్నా, ఆ మాట అనకుండా ఉండాల్సింది" అను, చాలు. ఆయన వెంటనే ఏమీ అనకపోవచ్చు, పెట్టేయకు. చెవి సరిగా వినపడదు, కాస్త గట్టిగా మాట్లాడు. ఎనిమిదిన్నరకల్లా పడుకుంటాడు, ఆలోపే చెయ్యి.

దీవెనలతో,
నాన్న