కాలనీ సంఘం 2024-25 వార్షిక నివేదిక: కార్యదర్శి

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

వీధి దీపాలు, డ్రైనేజీ, గణేశ్ నవరాత్రులు, బతుకమ్మ ఎప్పటిలాగే జరిగాయి. అవన్నీ మీరు చూసినవే. నేను చెప్పాలనుకున్నది పిల్లలతో చేసిన నీళ్ళ పని గురించి.

పోయిన మే నెలలో బోర్లు ఎండిపోయి, ట్యాంకర్ కోసం అందరం పడ్డ టెన్షన్ గుర్తుండే ఉంటుంది. అప్పుడు ఒక పాప నన్ను అడిగింది, "అంకుల్, బోరు కింద చెరువుంటుందా?" అని. పెద్దవాళ్ళలోనూ చాలామంది అలాగే అనుకుంటారు. అందుకే ఈ పని మొదలుపెట్టాం.

మార్చి 22న ప్రపంచ జల దినోత్సవం. ఒంటిపూట బడులు కాబట్టి మధ్యాహ్నం 31 మంది పిల్లలు హాలుకు వచ్చారు. పుస్తకంలో బొమ్మలాగా ఇసుక పొరలు చూపిస్తే మన ఊరికి సరిపోదు. మనది గ్రానైట్ నేల. పైన మొరం, కింద రాయి, ఆ రాతి పగుళ్ళలోనే నీళ్ళు. అందుకని రెండు టబ్బులు పెట్టాం. ఒకదాంట్లో ఇసుక, గులకరాళ్ళు. రెండోదాంట్లో గ్రానైట్ ముక్కలు పేర్చి, సందుల్లో బంకమన్ను కూరి, ఒక్క సన్నని పగులు మాత్రం వదిలాం. రెండింట్లో చెరో మగ్గు నీళ్ళు పోశారు. ఇసుక టబ్బు వెంటనే తాగేసింది. రాళ్ళ టబ్బులో నీళ్ళు పైనే నిలబడి, ఆ పగులు వెంట మెల్లగా దిగాయి.

తర్వాత ఇసుక టబ్బులో హ్యాండ్‌వాష్ సీసాల పంపులు రెండు దించాం, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. నాలుగో తరగతి పాప పొడుగు పంపు ఆపకుండా నొక్కింది. పక్కబ్బాయి పొట్టి పంపులో గుర్రుగుర్రుమని గాలే వచ్చింది. "ఆంటీ, నా నీళ్ళన్నీ అది లాగేసింది!" అని అరిచాడు. బోరు వెయ్యి అడుగులకు దించినవాళ్ళం, దించనివాళ్ళం అందరం ఆ హాల్లోనే ఉన్నాం.

పార్కులో పాడుబడ్డ బోరులోకి మీటరుకో ముడి వేసిన తాడు, చివర ఇనుప నట్టు కట్టి పిల్లలే కొలిచారు. పోయిన మేలో తాడంతా వదిలినా తడి తగల్లేదు. వానల తర్వాత, సెప్టెంబర్ చివర్లో, 23వ ముడి దగ్గర, అంటే సుమారు 23 మీటర్ల లోతులో, నీళ్ళు తగిలాయి. 100 చదరపు మీటర్ల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడినా 1000 లీటర్లవుతాయని కూడా వాళ్ళే లెక్కకట్టారు. ఆ నీళ్ళు మనం రోడ్డు మీదికి వదిలేస్తున్నాం. ఇంటి అనుమతి కోసం తవ్విన ఇంకుడు గుంతల మీద ఎన్నిచోట్ల టైల్స్ వేశామో ఎవరికి వారికి తెలుసు.

పార్కులోని ఇంకుడు గుంతలో పూడిక తీయడానికి వాట్సాప్‌లో 18 మంది పేర్లిచ్చారు. ఆదివారం వచ్చింది నలుగురు. ఆ నలుగురూ, వాచ్‌మన్ కలిసి 40 ఎంఎం కంకర, 20 ఎంఎం కంకర, పైన దొడ్డు ఇసుక నింపారు. జల దినోత్సవం రోజు ముఖ్య అతిథిగా వస్తానని రెండుసార్లు మాటిచ్చిన అధికారి రాలేదు, ఫోన్ ఎత్తలేదు. పిల్లల్ని 40 నిమిషాలు కూర్చోబెట్టాల్సి వచ్చింది. ఇక ముందు ఎవరికోసమూ ఆగం.

జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు. ఆడిట్ అయిన కాపీ నోటీసు బోర్డు మీద ఉంది.

టబ్బులిచ్చిన ఇళ్ళవారికి, రాళ్ళు ఉచితంగా ఇచ్చిన మార్బుల్ షాపు యజమానికి, మజ్జిగ పంచిన మహిళా మండలికి, హాలు కడిగిన అక్కలకు, ఆ నలుగురికి పేరుపేరునా కృతజ్ఞతలు.

ముడుల తాడు మా ఇంట్లో ఉంది. ఈ మే నెల కొలత తీయాలి. కొత్త కమిటీలో ఎవరు తీసుకుంటారో ఈ సభలోనే చెప్పండి.

ఇట్లు,
కార్యదర్శి