వేలిముద్ర మానుకున్నాం, మళ్లీ వేలే పెడుతున్నాం

సంపాదకుల వారికి నమస్కారం.

ఆగస్టు 15న మా ఊరి బడిలో జెండా ఎగరేశాక పెద్దలు స్వావలంబన గురించి మాట్లాడారు. చంద్రయాన్ గురించి చెప్పారు. మాది నెల్లూరు జిల్లా ఆత్మకూరు దగ్గర పల్లె. శ్రీహరికోటలో రాకెట్ లేస్తుందంటే ఇప్పటికీ మిద్దెక్కి చూస్తాం. 2023లో మన ల్యాండర్ చంద్రుడి మీద దిగిన సాయంత్రం మా అమ్మ దేవుడి దగ్గర దీపం వెలిగించింది. అందుకే ఆ మాటలు వింటుంటే నాకూ గర్వంగానే అనిపించింది.

నా పక్కన కూర్చున్న మా పొదుపు గ్రూపు అమ్మాయికి మాత్రం ఆ ఉపన్యాసం చెవికెక్కడం లేదు. ఫోను నా ముందు పెట్టి "అక్కా, ఇందులో ఏం రాసుందో చూడు" అంది. చూస్తే ఆమె పేరు మీద ఇంకో అప్పు మంజూరైందని ఉంది. ఆమె అడగలేదు. పది రోజుల కిందట వారం కంతు వసూలుకు వచ్చినతను "పాత అప్పు రెన్యువల్" అని చెప్పి మిషన్ మీద వేలు పెట్టించుకున్నాడట, ఫోనుకొచ్చిన ఓటీపీ కూడా అడిగి తీసుకున్నాడట. "వేలు పెట్టమంటే పెట్టాను అక్కా" అంది.

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర సరిగా లేదు. ఎందుకో చెప్పాలంటే ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1991లో మన జిల్లాలో పెద్దలకు చదువు నేర్పే అక్షరదీపం ఉద్యమం జరిగినప్పుడు నేను వాలంటీరుని. డిగ్రీ మధ్యలో ఆగిపోయి ఇంట్లో ఉన్నాను. రాత్రి ఎనిమిదింటికి, వంటలూ గిన్నెలూ అయ్యాక, రామాలయం మండపంలో లాంతరు పెట్టుకుని కూర్చునేవాళ్లం. పగలంతా నాట్లు వేసి వచ్చిన ఆడవాళ్లకు పలక మీదికి వేళ్లు వంగేవి కావు. ఒక పెద్దమ్మ నెల రోజులు కష్టపడి తన పేరు రాసింది. రాసి, చాలాసేపు చూసి, "నా పేరు ఇంతేనా పాపా? దీనికోసమా ఇన్నాళ్లు వేలు నల్లగా చేసుకుంది?" అంది. ఆమె భర్త చేసిన అప్పులకు ఎన్నో కాగితాల మీద ఆమె వేలిముద్ర ఉంది. వాటిలో ఏముందో ఆమెకు ఎవరూ చదివి వినిపించలేదు.

మన జిల్లాలోనే దూబగుంట అనే ఊరి ఆడవాళ్లు సారా అంగడి మూయించిన కథ మాకు పాఠంగా వచ్చింది. ఆ పాఠం చెప్పిన రాత్రి మండపంలో ఎవరూ లేచి ఇంటికి పోలేదు. అంత పొద్దుపోయినా, రేపు కూలికి పోవాలని తెలిసినా, "మన ఊళ్లో అంగడి సంగతేంది?" అని కూర్చున్నారు. మరుసటి వారం పోలేరమ్మ గుడి ముందు నిలబడి, ఊళ్లోకి సారా ప్యాకెట్లు రానివ్వమని ఒట్టు పెట్టుకున్నారు. ఆ పోరాటంలో ముందు నిలిచిన రోశమ్మ గారి పేరు, దూబగుంట పేరు లోకానికి తెలుసు. మా ఊరి లాంటి ఊళ్లు జిల్లాలో ఎన్ని ఉన్నాయో ఎవరూ రాసుకోలేదు. 1992లో సారా వేలంపాటలు జరగనివ్వకుండా ఆడవాళ్లు అడ్డుపడ్డారు. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా ఆగింది. నాకు స్వాతంత్ర్యం అన్న మాటకు అర్థం తెలిసింది ఆ రెండేళ్లలోనే. మొగుడు సాయంత్రం మామూలుగా ఇంటికొచ్చి అన్నం తినడం, కూలి డబ్బు పొద్దుటికి కూడా కొంగులో ఉండటం.

ఆ కొంగులో మిగిలిన డబ్బుతోనే పొదుపు లక్ష్మి వచ్చింది, అంటే ఆడవాళ్ల పొదుపు గ్రూపులు. రోజుకు రూపాయి, నెలకు ముప్పై. మా గ్రూపు లెక్కల పుస్తకం నేనే రాశాను. మొదటి అప్పు మూడు వందలు. బిడ్డ జ్వరానికని ఒకామె తీసుకుంది. మిగతావాళ్లు ఆమె దగ్గర ఏ కాగితం అడగలేదు. తను కడుతుందని నమ్మారు, తను కట్టింది.

ఈ నమ్మకాన్ని మన జిల్లా వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. మొహర్రం రోజుల్లో రొట్టెల పండుగకు నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి, చదువు రొట్టె అని, ఇంటి రొట్టె అని, ఆరోగ్య రొట్టె అని ముక్కూ మొహం తెలియని వాళ్ల చేతి నుంచి తీసుకుంటాం. కోరిక తీరితే మళ్లీ ఏడాది వచ్చి అదే రొట్టె ఇంకొకరికి ఇస్తాం. హిందువులా ముస్లిములా అని ఎవరూ అడగరు. రాకపోతే పట్టుకునే వాళ్లు లేరు. అయినా వస్తారు. మా గ్రూపు కూడా ఇన్నేళ్లు నిలబడింది అలాంటి మాట మీదే.

ఇప్పుడు చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ కంపెనీల వాళ్లు ఆ మాటనే తాకట్టు పెట్టించుకుంటున్నారు. ఒకరు కట్టకపోతే మిగతా తొమ్మిది మంది కట్టాలి అని చెప్పి, కంతు రోజున అందరినీ ఒకరి ఇంటి ముందు కూర్చోబెడుతున్నారు. ఒకప్పుడు కష్టంలో ఆదుకున్న వాళ్లే ఒకరినొకరు తిట్టుకునే పరిస్థితి వచ్చింది. నాకు అప్పు మీద కోపం లేదు. గ్రూపుకు బ్యాంకు ఇచ్చే లింకేజీ అప్పుతో మా ఊళ్లో గేదెలు వచ్చాయి, కుట్టుమిషన్లు వచ్చాయి, ఇద్దరు ఆడపిల్లలు నర్సింగ్ చదివారు. నా బాధ చదవకుండా వేలు పెట్టడం గురించే. సంతకం నేర్చుకున్న అదే పెద్దమ్మ ఇప్పుడు రేషనుకూ వేలే, పెన్షనుకూ వేలే, అప్పుకూ వేలే పెడుతోంది. సంతకం చేసేటప్పుడు కనీసం కాగితం కళ్ల ముందు ఉండేది. మిషన్‌లో ఏముందో ఆమెకు కనపడదు.

నిబంధనలు లేవని కాదు. మైక్రోఫైనాన్స్ అప్పులపై రిజర్వు బ్యాంకు 2022లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం అప్పు తీసుకున్న మనిషికి అర్థమయ్యే భాషలో లోన్ కార్డు ఇవ్వాలి. వడ్డీ, ఇతర ఖర్చులు చూపించే కాగితం విడిగా ఇవ్వాలి. ఒక కుటుంబం కట్టే కంతులన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. ఆ అమ్మాయి ఇంట్లో ట్రంకు పెట్టె అంతా వెతికాం. తెలుగులో ఒక్క కార్డు దొరకలేదు. ఆమె ఇప్పుడు నాలుగు చోట్ల కడుతోంది. కూలి ఉన్న నెలలోనే అది సగం దాటుతోంది, లేని నెల సంగతి చెప్పనక్కర్లేదు.

అందుకే రెండు మనవులు. మీ జిల్లా పేజీలో వారానికొకసారి, పెద్ద అక్షరాలతో, లోన్ కార్డు ఎలా చదవాలో, ఓటీపీ ఇచ్చే ముందు ఏం అడగాలో వేయండి. గ్రూపు మీటింగుల్లో చదివి వినిపిస్తాం. రెండోది అధికారులకు. ప్రతి పొదుపు సంఘం మీటింగులో అరగంట చదువుకు కేటాయించండి. అప్పు కాగితం సభ్యులందరి ముందూ గట్టిగా చదివాకే తీర్మానం రాయాలని చెప్పండి. ఇందుకు కొత్త భవనం అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు.

మా ఊళ్లో వచ్చే సోమవారం నుంచి నేనే మొదలుపెడుతున్నాను. రాత్రి ఎనిమిదింటికి, అదే రామాలయం మండపంలో. ఆ అమ్మాయి తన కాగితాలన్నీ సంచిలో వేసుకుని వస్తానంది. పెద్దమ్మకు ఇప్పుడు చూపు ఆనదు, అయినా వచ్చి కూర్చుంటానంది.

ఇట్లు,
అక్షరదీపం పాత వాలంటీరు,
ఆత్మకూరు ప్రాంతం, నెల్లూరు జిల్లా