పాత ఇళ్లకు సిమెంటు పూయొద్దు

సంపాదకులు గారికి,

ఆస్ట్రేలియాలో 1870ల నాటి బంగారు గనుల ఊరు హిల్ ఎండ్‌లో పాత ఇళ్లను పాతగానే ఉంచి, యాత్రికుల బసకు ఇస్తున్నారు. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామంగా ఎంపిక చేసిన మన భూదాన్ పోచంపల్లిలోనూ, పాలమూరు గడీల్లోనూ (పాత దొరల కోటల్లాంటి ఇళ్లు) ఇది సాధ్యమే. కానీ మరమ్మతు పేరుతో సిమెంటు పూస్తే ఆ ఇల్లు పాడైనట్టే. సున్నపు గోడ పునాది నుంచి పీల్చిన తేమను బయటికి వదులుతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. లోపల నిలిచిన తేమకు తెల్లటి ఉప్పు పొంగుతుంది, పెచ్చులు ఊడతాయి, గోడలో దిగిన దూలం కొస పుచ్చుతుంది. ఆ కొసను గోరుతో నొక్కితే పొడి రాలిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు.

సిమెంటుకు బదులు సున్నమే పూయాలి. అందుకు సున్నాన్ని కనీసం రెండు వారాలు నీళ్లలో నానబెట్టి, ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు జల్లెడ పట్టిన ఇసుక కలపాలి. ఒక్కో పూత అర అంగుళం మించకూడదు. వారం పాటు తడి గోనెసంచులు కప్పాలి. నడి ఎండాకాలంలో ఈ పని పెట్టుకుంటే పగుళ్లు తప్పవు. స్నానాల గది మాత్రం పాత గోడకు ఆనించకుండా పెరట్లో విడిగా కట్టాలి. అతిథి నాలుగడుగులు నడిస్తే ఏం కాదు. పర్యాటక శాఖ ఈ షరతులను మరమ్మతు పనుల టెండర్లోనే రాయాలి.

– సున్నం పని తెలిసిన కొందరు, నల్లగొండ