తకానో మీద మన లొల్లి ఇంకా తెగలేదు మామా

నల్లగొండ

అరే మామా,

మొన్న ఫోన్‌లో నువ్వన్న మాట నన్ను వదలట్లేదు. "చిన్నప్పుడు కష్టాలు పడ్డదని క్షమించాలంటే మన ఊళ్లలో ఎంతమందికి హత్యలు మాఫీ చేయాలిరా?" అన్నావు. ఆ మాట కొట్టేయలేను. కానీ మనం కంప్యూటర్‌లో చదివిన జపాన్ కథ హిగురాషిలో, ఒకే ఊరి ఘోరం భాగానికో తీరుగా మళ్లీ మళ్లీ జరిగే ఆ కథలో, అన్నిటి వెనకా ఉన్న హంతకురాలు తకానో మియో సంగతి అంతటితో తెగదు. చెప్పబోతుంటే నీ బస్సు వచ్చేసింది. అందుకే కూర్చొని రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

నీ కోపమంతా ఆమె చిన్ననాటి కథ మీద. ఎనిమిదో భాగంలో ఏడుపు కథ పెట్టి మనల్ని మెత్తబరిచారని అంటున్నావు. నాకు ఆమె నచ్చింది ఆ కథ తెలియకముందే. హిగురాషి మొదటి భాగం 2002 వేసవిలో టోక్యోలో అభిమానులు సొంతంగా చేసుకున్నవి అమ్ముకునే కోమికెట్ సంతలో అమ్మారు, ఎనిమిదోది 2006 వేసవిలో. నాలుగేళ్లపాటు జనం బుర్రలు బద్దలు కొట్టుకున్నారు, ఇది ఒయాషిరో దేవుడి శాపమా, మనుషుల కుట్రా, ఏదైనా రోగమా అని. మనకు ఎంచుకోవడానికి ఒక్క ఆప్షన్ కూడా ఇవ్వడు దీన్ని రాసిన ర్యూకిషి జీరో సెవెన్. చదవాలి, అనుమానించాలి, అంతే. తకానో ఆ నాలుగేళ్లూ మన కళ్ల ముందే ఉంది. ఊరి క్లినిక్‌లో నర్సు, కెమెరా పట్టుకు తిరిగే తొమిటకే పక్కన నవ్వుతూ నిలబడే మనిషి. జాతర రాత్రి తొమిటకే తన గొంతు తానే గోళ్లతో చీల్చుకుని చస్తాడు. ఆమె శవమేమో ఎక్కడో కొండల్లో డ్రమ్ములో కాలిపోయి దొరుకుతుంది. కాలిపోయిన మనిషిని ఎవరు అనుమానిస్తారు మామా? మనమూ పాపం అనుకుని పక్కన పెట్టేశాం.

కానీ నన్ను అసలు పట్టేసింది వేరే శవాన్ని తనదని నమ్మించిన ఆ ట్రిక్కు కాదు. ఆమె ముచ్చట చెప్పే తీరు. చిత్తడి నేలలోంచి రాక్షసులు లేచి వచ్చారని, ఈ ఊరివాళ్ల ఒంట్లో వాళ్ల రక్తమే ఉందని, పూర్వం ఇక్కడ మనిషి పేగులు తీసే పూజలు జరిగేవని చెబుతుంటే ఆ ముఖంలో వెలుగు చూశావా? భయపెట్టాలని చెప్పదు. తనకు ఇష్టం కాబట్టి చెబుతుంది. మనం చిన్నప్పుడు కరెంటు పోయినప్పుడు అరుగు మీద చేరి చెప్పుకున్నది అలాగే కదా. ఆరో భాగంలో రెనా అనే బడిపిల్ల చేతికి తన స్క్రాప్‌బుక్కులు ఇస్తుంది చూడు, అక్కడ నాకు ఒళ్లు జలదరించింది. కత్తి ఇవ్వలేదు, విషం ఇవ్వలేదు. రాసిపెట్టుకున్న కాగితాలు ఇచ్చింది. ఆ పిల్ల అవి చదివి, నమ్మి, చివరికి బడిలో తోటి పిల్లలనే బందీలుగా పట్టుకునేదాకా పోయింది.

మన పాలమూరు, మెదక్ పల్లెల్లో బాణామతి పేరు మీద జరిగినవి నీకు నేను చెప్పాలా? ఎవరికో జ్వరం తగ్గదు, ఎవరి బర్రెనో చస్తుంది, ఒక ముసలమ్మ పేరు గుసగుసగా తిరుగుతుంది. మంత్రం నోట పలకకుండా ఆమె పళ్లు పీకేస్తారు. ఆ పేరు మొదట ఎవరు అన్నారో ఎవరికీ గుర్తుండదు. కథలోని పల్లె హినమిజావాలో 1979 నుంచి ఏటా జాతర రోజు ఒకరు చచ్చి ఒకరు మాయమవుతుంటే, జనం దాన్ని శాపం అన్నారు. మొదటిది కూలీల కొట్లాట, ఇంకోటి కుటుంబంలో ఘోరం, ఒక్కోదానికి ఒక్కో కారణం. వాటన్నిటినీ శాపం అనే ఒక్క దారంతో కుట్టింది ఊరే. తకానో ఆ నమ్మకాన్ని పుట్టించలేదు. తయారుగా ఉన్నదాన్ని ఎత్తుకుని వాడుకుంది. దెయ్యాల కథ అనుకుని మొదలుపెట్టిన మనకు దీనివల్లే అంత భయం వేసిందని నా నమ్మకం.

ఇంకో మాట, ఆ పల్లెను ముంచే డ్యామ్ కట్టొద్దనే గొడవ చదివేటప్పుడు నాకు మీ తాత గుర్తొచ్చాడు. ఊరు మునగొద్దని హినమిజావా వాళ్లు కొట్లాడిన కాలానికి దగ్గర దగ్గరే, మీ కొల్లాపూర్ వైపు శ్రీశైలం నీళ్లకు ఊళ్లు ఖాళీ చేయించిన కాలం. సోమశిల గుళ్లను విప్పి ఒడ్డుకు తెచ్చి మళ్లీ కట్టుకున్నారు, ఇళ్లను మాత్రం తెచ్చుకోలేకపోయారు. ఆ జపాను పల్లె గెలిచింది, డ్యామ్ ఆగింది. గెలిచిన ఊరికి ఆ ఐకమత్యమే తర్వాత ఎట్లా ఉరితాడయిందో, డ్యామ్ వైపు మాట్లాడిన హోజో కుటుంబం పిల్లలతో ఊరు ఎట్లా మాటలు మానేసిందో చూస్తే, మీ తాతతో కూర్చొని ఒకసారి మాట్లాడాలనిపించింది. ఇది తకానో ముచ్చట కాదులే, మళ్లీ దారికొస్తా.

ఆమె చిన్ననాటి కథలో నిన్ను కరిగించనిది, నన్ను కదిలించినది ఒకే ఘట్టం. రైలు ప్రమాదంలో అమ్మానాన్నలు పోయాక అనాథాశ్రమంలో పడ్డ నరకం ఘోరమే, కాదనను. దాన్నుంచి తప్పించుకుని ఫోన్ బూత్‌లోంచి, తర్వాత తనను పెంచుకుని తాతయిన ప్రొఫెసర్ తకానోకు ఫోన్ చేసే చోట నా చేతులు చల్లబడ్డాయి. కానీ అసలు దెబ్బ తర్వాత తగులుతుంది. హినమిజావా వాళ్లకు పిచ్చెక్కించే రోగం ఒకటుందని ఆ ముసలాయన జీవితమంతా రాసిన పరిశోధన చూడటానికి పెద్ద పెద్ద పండితులు ఇంటికొచ్చి, నవ్వి, ఆ కాగితాలు కింద పడితే వాటిని తొక్కుకుంటూ వెళ్లిపోతారు. బూటు ముద్రలు పడ్డ ఒక్కో కాగితాన్నీ ఆ పిల్ల ఏరుతుంది. తాత సిద్ధాంతం నిజమని ప్రపంచం ఒప్పుకునేదాకా ఆమెకు ఇంకే కోరికా లేదు. ఇది చెడ్డ కోరికా మామా? నా దృష్టిలో చాలా మంచి కోరిక. అందుకే ఆమె అంత భయంకరం. డబ్బు కోసమో పదవి కోసమో చేసి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ని.

అదే మనిషి చివరికి ఏం చేసింది? డబ్బిచ్చే చోట కొత్త పెద్దలొచ్చి పరిశోధన మూసేస్తామనగానే, ఆ రోగానికి రాణి అనుకునే చిన్నపిల్ల రికాను చంపి, రాణి పోతే ఊరంతా పిచ్చెక్కుతుందనే సాకు మీద 2000 మందిని గ్యాసుతో చంపించింది. తాత కాగితాల మీద నడిచినవాళ్లను జీవితాంతం ద్వేషించిన మనిషి, తాను మనుషుల మీద నడిచింది. తేడా ఆమెకు కనబడలేదు. ఎందుకంటే ఆమెకు ఆ ఊళ్లో మనుషులు లేరు, రుజువులే ఉన్నారు.

ఈ మాట నేను మన నల్లగొండలో కూర్చొని రాస్తున్నానని గుర్తుపెట్టుకో. మా మేనత్తది మర్రిగూడ దిక్కు, నీకు తెలుసు కదా. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటారు. ఆ బోర్లలో ఎన్నో రెట్లుండేది. ఆమె నడుము వంగి, మెడ తిరగకుండా అయ్యాక ఎవరెవరో వచ్చేవారు. నిలబెట్టి, పక్కకు తిప్పి, ఫొటో తీసి, పళ్లు చూసి, రాసుకుని పోయేవారు. ఒకాయన మాత్రం "నొప్పి రాత్రిళ్లు ఎక్కువా అమ్మా?" అని అడిగాడని అత్త ఇప్పటికీ చెబుతుంది. ఆయన ఏం మందిచ్చాడో ఆమెకు గుర్తు లేదు, అడిగిన సంగతి గుర్తుంది.

క్లినిక్ డాక్టర్ ఇరియేను ఒకసారి మళ్లీ చూడు. అదే రోగం, అదే క్లినిక్, పై నుంచి వచ్చే అదే డబ్బు. హోజో వాళ్ల పిల్ల సాతోకోకు రోజూ సూది పడకపోతే ఆ పిల్ల బతకదు. ఇరియేకు ఆ సూదుల లెక్క తగ్గించాలనే తపన. తకానోకు ఆ రోగం ఉందని లోకం చేత ఒప్పించాలనే తపన. ర్యూకిషి ఈ ఇద్దరినీ ఒకే గదిలో పెట్టాడు చూడు, అది నాకు కథలోని ఏ రహస్యం కంటే పెద్దగా అనిపిస్తుంది. చేతులు బొంతల్లా కనబడే ఆ బొమ్మలు కూడా ఆయనే గీసుకున్నాడు, జనం నవ్వుతారు. ఆ బొమ్మల్లోనే తకానో నవ్వు మారే క్షణం నా ఒంట్లో వణుకు పుట్టించింది. కొత్తగా వేసిన అందమైన బొమ్మల్లో ఆ వణుకు రాలేదు.

ఇక క్షమాపణ సంగతి. ఏడో భాగంలో ఆమె పిల్లలను ఒక్కొక్కరినీ కాల్చి చంపింది. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కాబట్టి ఆమెను వదిలేయాలని నేను అనట్లేదు. నేను అంటున్నది, చివర్లో జరిగేది క్షమాపణ కంటే వేరేదని. అడవిలో ఆమెను తరిమినప్పుడు ఆమె కింద పనిచేసిన సైనికుల నాయకుడు ఒకొనోగి పిస్తోలు ఇచ్చి, నిందంతా మోసుకుని చావమంటాడు. పైవాళ్లకు కూడా అదే కావాలి, ఒక్క చెడ్డదాన్ని చంపి ఫైలు మూసేయాలి. ఆమె గొంతు గీరుకుంటూ ఉంటే తొమిటకే ముందుకొచ్చి, ఈమె నేరస్తురాలు మాత్రమే కాదు, రోగి కూడా, చికిత్స చేయిస్తా అంటాడు. ఆమె జీవితమంతా నిరూపించాలనుకున్న రోగమే ఆమెకు వచ్చింది, ఆమె ముఖం చూసి ఆ మాట అన్న మొదటి మనిషి, ఆమె ఎన్నోసార్లు చంపించిన మనిషే. దీన్ని నువ్వు మెత్తదనం అంటావు. ఒక్కరి మీద మొత్తం తోసేసి చేతులు కడుక్కోవడానికి ఒప్పుకోకపోవడం అంటాను నేను. ఊరు హోజో కుటుంబానికి చేసిందీ, పల్లెల్లో ఆ ముసలమ్మలకు చేస్తున్నదీ ఆ చేతులు కడుక్కోవడమే కదా.

నువ్వు ఇంకా కాదంటే కారణం రాయి, వాట్సాప్‌లో రెండు ముక్కలు పెట్టకు. ముఖ్యంగా తొమిటకే గురించి రాయి. అతను మొదటిసారి ఆమె పిలిచినప్పుడే వెంట వెళ్లి ఉంటే ఏమయ్యేదో నాకు తెగట్లేదు. దసరాకు కొల్లాపూర్ వస్తా. ర్యూకిషిదే ఇంకో కథ ఉమినెకో లాప్‌టాప్‌లో ఎక్కించి పెట్టాను, బియాట్రిస్ అనే మంత్రగత్తె ఉందట, మొదటి భాగం ఇద్దరం కలిసే మొదలుపెడదాం. అంతదాకా ఎవరి దగ్గరా ఏమీ వినకు. అమ్మకు, తాతకు నా నమస్కారాలు చెప్పు.

నీ మామ