వార్షిక నివేదిక: జీపీఎస్ పోయిన రోజుకు మన సన్నద్ధత

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన పైలట్ల సంఘం పని చాలావరకు ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది. మేఘాల్లో ఉండగా జీపీఎస్ పోతే ఏం చేస్తాం? రెండో టాబ్లెట్ ఉందిగా అని చాలామందికి ధీమా. సిగ్నల్ జామ్ అయితే ప్యానెల్‌లోని రిసీవర్, టాబ్లెట్ రెండూ ఒకేసారి పనికిరాకుండా పోతాయి. కాబట్టి దాన్ని బ్యాకప్ అనుకోకూడదని కమిటీ గట్టిగా చెప్పదలచుకుంది.

అందుకే వీఓఆర్ (నేల మీది రేడియో స్టేషన్ నుంచి మనం ఏ దిశలో ఉన్నామో చూపేది) అభ్యాసాలు మళ్లీ మొదలుపెట్టాం. పక్కన బయటికి చూస్తుండే సేఫ్టీ పైలట్, తలకు బయటి దృశ్యం కనపడనివ్వని హుడ్, జీపీఎస్ తెర మూసేసి, రెండు రేడియల్స్ (స్టేషన్ల నుంచి బయలుదేరే దిశా రేఖలు) కలిసే చోటును చార్ట్ మీద పట్టుకోవాలి. చెప్పుకోవడానికి తేలికే. ఒడిలో చార్ట్ పెట్టుకుని స్టేషన్ మోర్స్ కోడ్ వింటూంటే, ఈలోగా విమానం చల్లగా ఎత్తు దిగిపోతుంటుంది. మొదట్లో అందరికీ టెన్షనే. ముందు విమానాన్ని నిలకడగా పెట్టడం, తర్వాత ఫ్రీక్వెన్సీ, ఆ తర్వాత స్టేషన్ గుర్తింపు, చివరికే వీఓఆర్ సూది అన్న వరస అలవాటయ్యాక చేతులు కుదురుకున్నాయి.

ఐఎఫ్ఆర్‌లో, అంటే పరికరాల ఆధారంగా ఎగిరే నిబంధనల కింద, వీఓఆర్ వాడాలంటే 30 రోజుల్లోపు దాన్ని తనిఖీ చేసి ఉండాలి. నేల మీది చెక్‌పాయింట్‌లో 4 డిగ్రీలు, గాల్లో చూస్తే 6 డిగ్రీలు దాటి తేడా రాకూడదు. తేదీ, చోటు, తేడా, సంతకం లాగ్‌లో రాయడం దయచేసి మానకండి.

వాతావరణం మీద జరిగిన చర్చలే ఈ ఏడాది అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడ్డాయి. చేరే సమయానికి గంట ముందు నుంచి గంట తర్వాత వరకు మేఘాల కింది అంచు కనీసం 2,000 అడుగుల ఎత్తులో, విజిబిలిటీ కనీసం 3 మైళ్లు ఉంటాయన్న సూచన లేకపోతే ఫ్లైట్ ప్లాన్‌లో ఆల్టర్నేట్ (ప్రత్యామ్నాయ విమానాశ్రయం) చూపాలన్న ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) నిబంధన మనకు కంఠతా వచ్చు. కానీ గమ్యాన్ని కప్పిన పొగమంచే ఆల్టర్నేట్‌నూ కప్పితే ఆ కాగితం ఎందుకు? పైగా అక్కడ దిగడానికి జీపీఎస్ అప్రోచ్ ఒక్కటే ఉంటే? అందుకని ఐఎల్ఎస్ (రన్‌వేకు దారి చూపే నేల మీది రేడియో వ్యవస్థ) గానీ వీఓఆర్ అప్రోచ్ గానీ ఉండి, ఆ వాతావరణానికి బయట ఉన్న విమానాశ్రయాన్నే ఎంచుకోమని కోరుతున్నాం. జీపీఎస్ పోతే ఆదుకోవడానికి ఎఫ్ఏఏ ప్రత్యేకంగా ఉంచిన విమానాశ్రయాలకు ఎన్‌రూట్ చార్ట్‌లో ఎంఓఎన్ అన్న గుర్తు ఉంటుంది. రూట్ గీసేటప్పుడే వాటిని చూసుకోండి. అక్కడికి వెళ్లడానికీ, ఆపైన 45 నిమిషాలకూ ఇంధనం ఉందో లేదో నేల మీదే లెక్క వేయండి.

ఇంకో సంగతి. కాక్‌పిట్ తెర మీది వాతావరణ రాడార్ చిత్రం పక్కన కనిపించే నిమిషాలు ఆ చిత్రాన్ని కూర్చిన సమయం నుంచి లెక్కించినవి. అసలు డేటా దానికన్నా 15 నుంచి 20 నిమిషాలు పాతది కావచ్చని అమెరికా రవాణా ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ 2012లోనే హెచ్చరించింది. ఉరుముల మేఘాలను దూరంగా చుట్టిరావడానికే ఆ చిత్రం. వాటి మధ్య సందు వెతకడానికి కాదు.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. వచ్చే ఏడాది కొన్ని పరికరాలను నడిపే వ్యాక్యూమ్ పంపు ఫెయిలైనప్పుడు పార్షియల్ ప్యానెల్‌తో, అంటే మిగిలిన పరికరాలతోనే, వీఓఆర్ అప్రోచ్ చేయడం అభ్యసిద్దాం. సేఫ్టీ పైలట్లుగా కూర్చోగలవారు సర్వసభ్య సమావేశంలో పేర్లు ఇవ్వండి.

— కార్యదర్శి